ఆ ఆక్టేవియాని రోజూ ఆఫీసుకు తీసుకెళ్లాలా?

మూడు నెలల కిందట ఒక ఆదివారం పొద్దున్న ఆరున్నరకి హైదరాబాదు సైనిక్‌పురిలో ఒకరింటి షెడ్డులో, అమ్మకానికున్న నల్లటి పాత స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. అమ్మేవాళ్లలో చాలామంది మనం వచ్చేలోపే ఇంజను ఒకసారి వేడి చేసి ఉంచుతారు. రాత్రంతా ఆగిన బండి తొలిసారి స్టార్టయినప్పుడు వచ్చే పొగ, చప్పుడు మన కంటా చెవినా పడకూడదని. ఈయన ఆ పని చెయ్యలేదు. "మీరొచ్చాకే తీద్దామని తాళం కూడా ముట్టుకోలేదు బాబూ" అన్నారు. స్టార్ట్ చేశారు. పొగ లేదు. రెండు సెకన్లు టప్పెట్ల చప్పుడు, ఆ తర్వాత సర్దుకుంది. ఆ క్షణంలో నేను బేరం ఆడే స్థితిలో లేను, నిజంగా.

2005లో విజయవాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఇలాంటి కారే చూశాను. బయటికి మామూలు ఆక్టేవియాయే. వెనక చిన్న బ్యాడ్జీ. పచ్చలైటు పడ్డాక రెండో గేరులో అది వెళ్లిన తీరు మాత్రం మామూలు కారుది కాదు. కాసేపు ఏమీ లేనట్టుండి, ఆనక ఎవరో వెనక నుంచి తోసినట్టు వెళ్లిపోయింది. టర్బో అనే మాటకు నాకు అప్పటికి లారీల మీద రాసిన అక్షరాలు తప్ప అర్థం తెలియదు. ఆ రోజు తెలిసింది. ఇంజను వదిలే పొగతోనే ఒక చక్రం తిప్పి, ఎక్కువ గాలిని ఇంజనులోకి కుక్కే యంత్రమది. ఇరవై ఏళ్లుగా ఆ కోరిక నాతోనే ఉంది.

అందుకే ఈ ప్రకటన చూడగానే లెక్కలు మొదలుపెట్టాను. మా అపార్టుమెంటులో నాకున్నది ఒకే పార్కింగు. ఉన్న హ్యాచ్‌బ్యాక్ అమ్మేసి, ఈ 2006 బండి కొని, మియాపూర్ నుంచి నానక్‌రాంగూడకి రోజూ దీంట్లోనే వెళ్తే? 1.8 లీటర్ల ఇంజను, సిలిండరుకు ఐదేసి చొప్పున 20 వాల్వులు, 150 హార్స్‌పవర్, ఇంజను నిమిషానికి 1,750 చుట్లు తిరిగేసరికే 210 ఎన్‌ఎం టార్క్ (చక్రాలు తిప్పే బలం). ఐరోపాలో ఇదే కారుకి 180 ఇచ్చారు, మనకి తగ్గించి ఇచ్చారు. అయినా 2004లో మన దగ్గరికొచ్చినప్పుడు పెట్రోలు టర్బో కారు అనేదే అరుదు. ఐదుగురు కూర్చోవచ్చు, డిక్కీలో ఊరెళ్లే సామానంతా పడుతుంది. రోజువారీ వాడకానికి ఇంతకంటే తగిన పాత స్పోర్ట్స్ కారు ఇంకేముంటుంది అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే నా భార్య అంతా విని ఒకే మాట అడిగింది. "నీకు ఆఫీసుకు కారు కావాలా, ఆ కారు కావాలా?"

ఆ ప్రశ్నకి సమాధానం వెతుక్కోవడానికి నాకు నెల పైనే పట్టింది. ఈ వ్యాసం ఆ నెల గురించే.

వేలితో కదిపి చూడటం

పాత బండి అనగానే అందరూ అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందనే. మీటరు 1,17,430 చూపించింది. నాకు తెలిసిన మెకానిక్ అన్నని తీసుకుని రెండోసారి వెళ్లాను. ఆయన మీటరు వంక చూడనే లేదు. ఎయిర్ ఫిల్టరు వైపు గొట్టం ఊడదీసి, టర్బో చక్రాన్ని చూపుడువేలితో మెల్లగా లోపలికి నొక్కి, బయటికి లాగి చూశారు. తర్వాత పక్కలకు కదిపారు. "పక్కలకు వెంట్రుకంత కదిలితే పర్వాలేదు సార్. ఆయిల్ మీద తేలే బేరింగు కదా, ఆయిల్ లేనప్పుడు ఆ మాత్రం ఆట ఉంటది. ముందుకెనక్కు మాత్రం అసలే కదలొద్దు." కదల్లేదు. గొట్టం లోపల వేలు పెట్టి తీస్తే పల్చటి ఆయిల్ పొర. అది మామూలే అన్నారు. ఆయిల్ పోసే మూత తిప్పి, దాని అడుగున నల్లటి మడ్డి పేరుకుందేమో చూశారు. తేనె రంగు మరక, అంతే. స్పార్క్ ప్లగ్గులకి కరెంటిచ్చే నాలుగు ఇగ్నిషన్ కాయిళ్లలో ఒకటి మిగతా వాటికంటే కొత్తగా ఉంది. ఈ ఇంజన్లకి కాయిళ్లు పోవడం పాత జబ్బు, మార్చారంటే మంచిదే.

ఇంత చూశాక నేను ఆశగా ఆయన మొహంలోకి చూశాను. చేతులు తుడుచుకుంటూ ఆయన అన్న మాట నేను ఎదురుచూసింది కాదు.

"బండి మంచిగున్నది సార్. కొనుడుకేం ఇబ్బంది లేదు. కానీ రోజూ ఆ ఐకియా షోరూము కాడ ట్రాఫిక్‌ల నిలబెడతానంటున్నరు చూడండి, అది దీనికి పడది."

నాకు కొంచెం కోపం వచ్చింది. ఇరవై ఏళ్ల బండి అంటే అందరికీ లోకువే అనుకున్నాను. ఇది షోకేసులో పెట్టుకునే వస్తువు కాదు, ఫ్యామిలీ కారుగా తయారై వచ్చిన కారు. ఇప్పుడు అమ్ముతున్నాయనే దీని మొదటి ఓనరు, ఆయన కూడా రోజూ దీంట్లోనే ఉద్యోగానికి వెళ్లారు. ఆయనకి పడింది నాకెందుకు పడదు?

నోటు పుస్తకం

దానికి జవాబు ఆ ఇంట్లోనే ఉంది. ఆయన రిటైరైన ఫార్మా ఉద్యోగి. అలమారులోంచి అట్ట ఊడిన రెండు వందల పేజీల నోటు పుస్తకం తెచ్చి ఇచ్చారు. 2006 నుంచి ప్రతిసారీ పెట్రోలు పోయించిన తేదీ, మీటరు రీడింగు, ఎన్ని లీటర్లు. బాగుచేయించినవి ఎర్ర సిరాతో. పొందికైన చేతిరాత, కొట్టివేతలు లేవు. ఫోటోలు తీసుకుంటానంటే, "ఇంటికే తీసుకెళ్లండి, చదివి తెచ్చివ్వండి" అన్నారు.

ఆ రాత్రి కూర్చుని మొత్తం చదివాను. మొదటి ఏడేళ్లు నెలకి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. అప్పట్లో ఆయన సైనిక్‌పురి నుంచి శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీలో ఉన్న కంపెనీకి వెళ్లేవారు. ఒకవైపు 28 కిలోమీటర్లు, రాజీవ్ రహదారి మీద 35 నిమిషాలు. ఆ ఏడేళ్లలో ఎర్ర సిరా చాలా తక్కువ. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, టైమింగు బెల్టు, ఒక కాయిల్. అంతే.

2013లో రిటైరయ్యారు. అక్కణ్నుంచి నెలకి 150, 100, ఒక్కో నెల 40 కిలోమీటర్లు. కూరగాయలకి, గుడికి, బ్యాంకుకి. ఎర్ర సిరా అక్కడ మొదలవుతుంది. బ్యాటరీ. మళ్లీ బ్యాటరీ. వాక్యూమ్ గొట్టం పగిలింది. కూలెంటు కారుతోంది. పెట్రోలు పంపు. అరగకుండానే గట్టిపడిపోయాయని నాలుగు టైర్లూ ఒకేసారి. తిరిగిన బండికంటే ఆగిన బండికే ఎక్కువ ఖర్చయింది.

ఆ పుస్తకం చూసి మొదట సంబరపడ్డాను. రోజూ నడిపినప్పుడే ఆరోగ్యంగా ఉంది కదా! నేను చెప్పిందే రైటు, రోజూ తీయాలి, షెడ్డులో పెడితేనే పాడవుతుంది. మెకానిక్ అన్నకి ఫోన్ చేసి ఇదే చెప్పాను. ఆయన వాదించలేదు. "ఆ సారు ఎంతసేపట్ల పోతుండె, మీరు ఎంతసేపట్ల పోతరు?" అని మాత్రం అడిగారు.

ఒకే 7,500 కిలోమీటర్లు

నా దారి 14 కిలోమీటర్లు. పొద్దున తొమ్మిదికి బయలుదేరితే 65 నిమిషాలు. కారు వేగం, యాక్సిలరేటరు లెక్కలు ఫోనుకి పంపే ఓబీడీ డాంగిల్ ఒకటి కొని, ఉన్న హ్యాచ్‌బ్యాక్‌కే తగిలించి పది పనిరోజులు రికార్డు చేశాను. సగటు వేగం గంటకి 13 కిలోమీటర్లు. యాక్సిలరేటరు సగానికి మించి తొక్కిన సమయం, పది రోజుల రాకపోకలూ కలిపితే, 11 నిమిషాలు. ఇరవై గంటలకు పైగా స్టీరింగు వెనక కూర్చుంటే పదకొండు నిమిషాలు. ఆక్టేవియా కొన్నా టర్బోకి నా దారిలో దొరికే పని అంతే.

ఇంకో లెక్క నన్ను నిజంగా కుదిపింది. పాత టర్బోకి ఆయిల్ 7,500 కిలోమీటర్లకి మారుద్దామనుకుందాం. ఆయన 28 కిలోమీటర్లు 35 నిమిషాల్లో వెళ్లారు కాబట్టి, ఆ 7,500లో ఇంజను తిరిగింది సుమారు 156 గంటలు. నా వేగంతో అవే 7,500 కిలోమీటర్లకి 577 గంటలు. మీటరు మీద ఇద్దరిదీ ఒకటే అంకె. ఆయిల్‌కి మాత్రం దాదాపు నాలుగు రెట్ల చాకిరీ, అదీ చల్లగాలి తగలకుండా.

ఆ గాలి సంగతే అసలు సంగతి. టర్బో కుదించిన వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పని చేసేది ఎదురుగాలితో. ఐకియా జంక్షన్లో మే నెల ఎండకి ముందు బస్సు, వెనక బస్సు మధ్య నిలబడితే ఎదురుగాలి ఎక్కడుంటుంది? బానెట్ కింద వేడి పేరుకుంటుంది. లోపలికి పోయే గాలి వేడెక్కితే నాక్ (పెట్రోలు వేళ కాని వేళ మండి ఇంజను కొట్టుకోవడం) రాకుండా ఇంజను కంప్యూటరు స్పార్కుని కాస్త ఆలస్యం చేస్తుంది, బలం తగ్గుతుంది. ఇరవై ఏళ్ల రబ్బరు గొట్టాలు, ప్లాస్టిక్ కూలెంటు జాయింట్లు ఆ వేడిలో రోజుకి రెండు గంటలు ఉడుకుతాయి. ఇంజనుకి లెక్క దూరం కాదు, ఎంతసేపు ఎలాంటి స్థితిలో తిరిగిందన్నదే. నా 14 కిలోమీటర్లు ఆయన కూరగాయల ట్రిప్పు కంటే పెద్దది. కానీ ఆ కారుకి అది చేసే చెరుపులో కూరగాయల ట్రిప్పు కోవలోకే వస్తుంది.

ఇక్కడ నాకు అనుమానాలు రాకపోలేదు. పొద్దున ఆరుముప్పావుకే బయలుదేరితే? రెండు రోజులు వెళ్లి చూశాను. 24 నిమిషాలు. హాయిగా ఉంది. కానీ సాయంత్రం తిరుగు ప్రయాణం నా చేతుల్లో లేదు. పాపని బడి నుంచి తెచ్చే రోజుల్లో అసలు లేదు. పుణెలో ఒక స్నేహితుడు ఇలాంటి పాత టర్బో బండే ఏళ్ల తరబడి రోజూ నడుపుతున్నాడు, ఏమీ కాలేదంటాడు. అడిగితే తేలిందేంటంటే, అతని ఆఫీసు ఊరి బయట, ఎక్స్‌ప్రెస్‌వే పక్కన. అతను చెప్పింది అబద్ధం కాదు. అతని రోడ్డు వేరు.

డబ్బు గురించి

ఈ భాగం తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే డబ్బు నన్ను ఆపలేదు. ఆయన అడిగింది నాలుగు లక్షల పాతిక వేలు. మొదటి ఏడాదికి లక్షన్నర పక్కన పెట్టుకోమన్నారు మెకానిక్ అన్న. టైమింగు బెల్టు, దాంతోపాటే వాటర్ పంపు, మొత్తం గొట్టాలు, క్లచ్. ఈ ఏడాదితో రిజిస్ట్రేషన్‌కి ఇరవై ఏళ్లు. 2021లో ఐదేళ్లకి పొడిగించిన ఆర్‌సీ ఇప్పుడు మళ్లీ పొడిగించాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకి ఆ ఫీజు 2025 ఆగస్టులో ఐదు వేల నుంచి పది వేలు చేశారు. పది వేలకి ఎవరూ బండి మానుకోరు.

అవతలి వైపు వాదన కూడా బలమైనదే. కొత్త కారు కొంటే షోరూము గుమ్మం దాటగానే విలువ పడిపోవడం మొదలవుతుంది, ఈ బండి పడాల్సినంతా ఎప్పుడో పడింది. బాగా చూసుకుంటే మూడేళ్ల తర్వాత కొన్న ధరకే అమ్ముకోవచ్చు. ఇది నిజమే. కానీ కొత్త కారులో పోయేది డబ్బు, పాత కారులో పోయేది డబ్బుతోపాటు రోజులు. ఒక సెన్సారు కోసం వారం వర్క్‌షాపులో ఉంటే ఆ వారం నేను ఆఫీసుకి ఎలా వెళ్లాలి? రెండో కారు ఉన్నవాడికి అది ఎదురుచూపు. ఒక్క కారే ఉన్నవాడికి ప్రతి ఉదయం ఒక సమస్య.

పెట్రోలు సంగతి వేరు. ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినదే. ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుంది, టర్బోకి ఆ మేరకు మంచిదే. కానీ ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకోకుండా చేసిన పాత గొట్టాలకి, సీళ్లకి అది మంచిది కాదు. తేమని పీల్చుకుంటుంది కాబట్టి ట్యాంకులో నెలల తరబడి నిల్వ ఉంచడం ఇంకా చెడ్డది. నేను షెడ్డు కింద నిలబెట్టినా తప్పే, ట్రాఫిక్‌లో నిలబెట్టినా తప్పే. ఈ బండి కదలాలి. అదీ గాలి తగిలేలా కదలాలి.

ఇంకొక నిజం ఒప్పుకోక తప్పదు. ఇప్పుడొచ్చే మూడు సిలిండర్ల ఒక లీటరు టర్బోలే 115 హార్స్‌పవర్, 178 ఎన్‌ఎం ఇస్తున్నాయి. మా కొలీగ్ కారొకటి అలాంటిదే నడిపి చూశాను. టర్బో ఎప్పుడు అందుకుందో కూడా తెలియనివ్వదు. ఆఫీసు దారికి అంతకంటే ఏం కావాలి? నాకు కావలసింది మాత్రం ఆ తెలియడమే. ఒక ఊపిరి ఆగి, తర్వాత అందుకోవడం. అది ఆఫీసు దారి అవసరం కాదు.

"రోజువారీ" అనే మాట

నా భార్య ప్రశ్న ఇక్కడ మళ్లీ ఎదురొచ్చింది. నాకు కావలసింది ఆ కారే. ఆఫీసుని నేను సాక్షిగా తెచ్చుకున్నాను. మధ్యతరగతి ఇంట్లో పెరిగిన నాకు, ఇష్టం కోసం కారు కొంటున్నానని చెప్పడానికి నోరు రాదు. మా నాన్న ముప్పై ఏళ్లు ఒక్క స్కూటరు మీదే గడిపారు. ఏది కొన్నా దేనికి పనికొస్తుందో చెప్పాలి. అందుకని ఒక కోరికకి పని అప్పజెప్పాను: నువ్వు రోజూ నన్ను నానక్‌రాంగూడ తీసుకెళ్లాలి, అప్పుడే నిన్ను ఇంట్లోకి రానిస్తానని. ఆ పని దానికి చేతకాదు. చేయిస్తే పాడైపోతుంది. పాడయ్యాక నేను కారుదే తప్పంటాను.

పాత టర్బో కారు రోజువారీకి పనికొస్తుందా అని అడిగే వాళ్లందరికీ ఇప్పుడు నేను చెప్పేది ఒకటే. కారుని కాదు, ముందు మీ దారిని పరీక్ష చేయించండి. పది రోజులు మీ సగటు వేగం రాసుకోండి. గంటకి నలభై పైన ఉందా, ఒక్కసారి స్టార్ట్ చేస్తే అరగంటైనా ఆగకుండా నడుస్తుందా, రెండో బండి ఉందా? ఉంటే నిర్భయంగా కొనండి, రోజూ నడపండి. అది మీకూ మంచిది, కారుకీ మంచిది. లేకపోతే ఇష్టం కోసం కొంటున్నానని ఇంట్లో ధైర్యంగా చెప్పి, దానికో చోటు, దానికో డబ్బు, దానికో ఆదివారం విడిగా చూపించండి. నాకు చోటు లేదు. కాబట్టి కొనకూడదు.

ఇలాంటి కార్లు ఇక తయారవ్వవు, ఉన్నవి రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. ఇరవై ఏళ్లు ఒక మనిషి ఎర్ర సిరాతో కాపాడిన దాన్ని నేను రెండేళ్లలో ఐకియా సిగ్నల్ దగ్గర కరిగించేయడం నాకు సబబుగా తోచలేదు.

తిరిగి సైనిక్‌పురికి

నోటు పుస్తకం ఇవ్వడానికి వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయనేమీ అనుకోలేదు. టీ తెప్పించారు. ఆయన భార్య ఆ ఉద్యోగం రోజుల గురించి చెప్పారు. సాయంత్రం ఈయన వచ్చి గేటు ముందు ఆపాక వెంటనే ఇంజను ఆపేవారు కాదట. రహదారి మీద వేగంగా వచ్చిన టర్బో చల్లబడాలని ఒక నిమిషం అలాగే కూర్చునేవారట. "నేను గేటు తీసి పట్టుకుని నిలబడేదాన్ని. ఆ నిమిషం లోపలికి రమ్మన్నా వచ్చేవారు కాదు" అన్నారావిడ. ఆయన కప్పు వంక చూస్తూ, "ఆ నిమిషమే దీన్ని ఇన్నేళ్లు నిలబెట్టింది" అన్నారు.

వచ్చే దారిలో నాకు గుర్తొచ్చింది మా టీములో ఇదివరకు పనిచేసిన ఒక తమ్ముడు. కొంపల్లిలో ఉంటాడు, ఇప్పుడు పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం. కండ్లకోయ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ముత్తంగి దగ్గర దిగుతాడు. ఇంట్లో రెండో బండి ఉంది. ఫోన్ చేసి సగటు వేగం ఎంతని అడిగాను. "అదేం ప్రశ్న అన్నా?" అన్నాడు. విషయం చెప్పాక కాసేపు మాట్లాడలేదు. ఆ శనివారమే మెకానిక్ అన్నని వెంటబెట్టుకుని వెళ్లాడు.

నిన్న రాత్రి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. అదే నోటు పుస్తకం, కొత్త పేజీ. పైన పాత చేతిరాతలో చివరి వరుస, దాని కింద అతని రాతలో మొదటి వరుస. తేదీ, 1,17,912, 38 లీటర్లు. నేను వెంటనే అడిగింది ఒకటే: ఇంటికెళ్లాక ఒక నిమిషం ఆగుతున్నావా అని. ఆగుతున్నానన్నాడు.